రాని జవాబు

లేదు. అలాంటి స్థితి లేదు. ఇందాక వచ్చిన మాటే, మూడు నెలల కిందట రిపోర్టుకెక్కిన మాటే, సిగ్గూ బెదురూ లేకుండా మళ్ళీ వచ్చి తెర మీద నిలబడింది. దాని పక్కన సన్నటి గీత మిణుకుమంటోంది, ఇంకేమైనా అడుగుతావా అన్నట్టు. ఆమె కుర్చీలోంచి లేవబోయి, లేచి ఎక్కడికెళ్ళాలో తోచక మళ్ళీ కూలబడింది. పాత ఫైళ్ళూ, రెక్క విరిగిన ఫ్యానూ, ఒక కాలు పొట్టిదై అట్టముక్క మీద నిలబడ్డ బల్లా, ఇదీ గది. గోడకవతల విచారణ హాలు. భోజన విరామంలో కాసేపు పని చేసుకుంటానంటే ప్యూను తాళం తీసి, "ఇక్కడ ఎలకలుంటాయి మేడమ్, భయపడకండి" అని వెళ్ళాడు. ఎలకలట. ఎలకలకి భయపడే దశ ఎప్పుడో దాటిపోయింది. విరామం అయిపోగానే గంట కొడతారు, అందరూ లోపలికి వెళతారు, బయట బెంచీ మీద కూర్చున్న రైలు డ్రైవరు కూడా లేచి లోపలికెళ్ళి, ఎర్ర సిగ్నల్ దాటించానని ఒప్పేసుకుంటాడు. ఆ సంగతి ఆయనే చెప్పాడు, ఇందాక ఆమె కుళాయి దగ్గర సీసా నింపుకుంటుంటే పక్కకొచ్చి, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గోడని తడుముతూ.

"మెషీను అబద్ధం చెప్పదంటున్నారు కదమ్మా," అన్నాడు. "మూడు నెలలుగా పచ్చ చూశా, పచ్చ చూశా అని మొత్తుకున్నా. ఇప్పుడు నా మీద నాకే నమ్మకం పోయింది. ఎరుపు చూసి పచ్చనుకున్నానేమో. ఒప్పేసుకుని అందరికీ ఒక దణ్ణం పెట్టేస్తా. అవతల పట్టాల మీద పనిచేసే పిల్లాడి ప్రాణం పోయింది, ఇంకా నేను వాదించడమేంటి, అసహ్యంగా."

ఆమె ఏమంది? "నీళ్ళు కావాలాండీ?" అంది. ఆయన సీసా అందుకుని, మూతి తగలకుండా ఎత్తి రెండు గుక్కలు తాగి, తుడిచి ఇచ్చాడు. ఆ తుడవడం ఆమె కళ్ళలో ఇంకా కదులుతోంది. మెషీను అబద్ధం చెప్పదట. ఏ మెషీను? ఆ మెషీనుకి మాటలు నేర్పింది తను. తను రాసిన ప్రోగ్రాము, తను పెట్టిన సంతకం, "సిగ్నల్ పచ్చగా ఉండగా పట్టాల మీద మనిషి ఉండే స్థితి ఏ దారిలోనూ సాధ్యం కాదు" అని తను గట్టిగా, గర్వంగా రాసిన వాక్యం. ఆ ఒక్క వాక్యం ఆయన మూడు నెలల నిద్ర తినేసి, పొద్దుటికల్లా ఆయన కళ్ళనే ఆయనకి కాకుండా చేసింది. ముప్ఫై ఏళ్ళుగా ఎరుపుకి ఆగి పచ్చకి కదిలిన కళ్ళు. కళ్ళు అబద్ధం, కాగితం నిజం. ఎంత ధైర్యంగా రాశావే తల్లీ, అనుకుంది తనని తనే, అక్క తిట్టినట్టు.

ఆఫీసులో ఆమెని చుక్కక్క అంటారు. ఆమె వాడే భాషలో ప్రతి వాక్యం చివరా ఒక చుక్క పెట్టాలి, పెట్టకపోతే మెషీను మూగబోయి కూర్చుంటుంది, కొత్తగా చేరినవాళ్ళు ఏడుపు మొహంతో వస్తే ఆమె తలెత్తకుండానే "చుక్క పెట్టావా?" అని అడిగేది, అలా ఆ పేరు అతుక్కుపోయింది. అందులో ఆజ్ఞల వరస ఉండదు. ఇది ఇలా ఉంటే అలా మారుతుంది అనే వాక్యాలు రాసి, మొదటి స్థితి చేతికిచ్చి వదిలితే చాలు, మెషీను ఒక రూపాన్ని ఇంకో రూపంగా తిరగరాస్తూ, దాన్ని మరోదానిగా తిరగరాస్తూ, చేరగలిగిన చోట్లన్నీ చేరి చూసి వస్తుంది. రైలు ఇక్కడుంటే అక్కడికి రావచ్చు. తాళంచెవి పెట్టెలో ఉంటే జేబులోకి రావచ్చు. సిగ్నల్ ఎర్రగా ఉంటే, ఫలానాది జరిగితే పచ్చబడవచ్చు. అంత ముద్దుగా ఉంటుంది. ఆ ముద్దు చూసే ఆమె ఇరవయ్యో ఏట ఆ భాష వెంట పడింది, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి కూడా దాన్ని గురించే చెప్పి వాళ్ళని పారదోలింది. ఏదైనా ప్రమాదకరమైన స్థితి ఉందా అని అడిగితే ఉంటే దారితో సహా చూపిస్తుంది, లేకపోతే లేదంటుంది. లేదన్న రోజు ఆఫీసులో కేకు కోశారు. లేదన్నందుకు పండగ! తప్పు జవాబు వస్తే దానికో జాడ ఉంటుంది, దొంగ అడుగుజాడల్లా, ఏ వాక్యం నుంచి ఏ వాక్యానికి వచ్చిందో వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి మెడ పట్టుకోవచ్చు. రాని జవాబుకి జాడేముంటుంది? రాని చుట్టం ఏ దారిలో రాలేదో ఎవర్ని అడగాలి?

రాలేదన్న సంగతే తెలిసేది కాదు, ఈ పొద్దున రెండో ట్రాక్‌మన్ నోరు విప్పకపోతే. ప్రమాదం రోజు పట్టాల వంపు దగ్గర ఇద్దరు పని చేస్తున్నారు, చనిపోయిన కుర్రాడూ, ఇతనూ. పట్టాల మీదకి దిగే ప్రతి మనిషీ గోడకున్న ఇనప్పెట్టెలోంచి ఒక తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. చెవి బయట ఉన్నంతసేపూ ఆ సెక్షను పట్టాలకి ఎర్ర సిగ్నలే. పని అయ్యాక పైకొచ్చి చెవిని తిరిగి దాని కన్నంలో పెట్టాలి. "పానా మర్చిపోయానండీ," అన్నాడు అతను, టోపీ రెండు చేతులా నలుపుతూ. "తెద్దామని పైకొచ్చా. పైకొస్తే చెవి పెట్టాలి, అది రూలు, నాది నేను పెట్టా. వాడిది వాడి జేబులోనే ఉంది. తర్వాత కూడా... జేబులోనే ఉంది." గుమాస్తా రాసుకున్నాడు. ఎవరూ తలెత్తలేదు, అది అందరికీ తెలిసిన సంగతే, ఆ చెవి బల్ల మీద ప్లాస్టిక్ సంచీలో అందరి ఎదురుగానే ఉంది. ఒక చెవి బయట ఉందంటే సిగ్నల్ ఎర్రగానే ఉండాలి, కాబట్టి డ్రైవరు ఎరుపు దాటాడు. లెక్క సరిపోయింది. చివరి వరసలో ఆమె మాత్రం ఆ సంచీ వైపే చూస్తూ ఉండిపోయింది, ఎందుకో అప్పుడు తెలీలేదు. విరామంలో ఈ గదిలోకొచ్చి, సిగ్నల్ సంగతి పక్కనపెట్టి, ఊరికే, పిచ్చిదానిలా, ఒక్కటే అడిగింది: ఇద్దరు దిగాక, ఒక చెవి తిరిగి పెట్టెలో, ఒక చెవి ఇంకా జేబులో, అలా ఎప్పుడైనా ఉండగలదా? లేదంది. జరిగిందాన్నే జరగదంది. గోడకవతల, ఈ కుర్చీకి పది అడుగుల దూరంలో, సంచీలో పెట్టి ముద్ర వేసి ఉంచినదాన్ని పట్టుకుని, అలాంటిది లోకంలోనే లేదంది.

అప్పట్నించీ ఇదే. ప్రోగ్రాములో తప్పులు వెతికే డీబగ్గర్ తెరిచింది. అది కోర్టులో వకీలు లాంటిది. తనకేమీ తెలీదు, ప్రశ్నలు అడుగుతుంది. ఈ స్థితి నుంచి ఒక్క అడుగులో చేరగలిగినవి ఇవీ, ఇంతేనా? అవును. ఈ రూపం విప్పి సరళం చేస్తే ఇలా వచ్చింది, సరేనా? అవును. ఇవి తప్ప ఇంకేమీ రాకూడదా? రాకూడదు. ఏది రావాలో మెషీనుకి తెలీదు, రాసినవాళ్ళ మనసులో ఉన్నదేంటో వాళ్ళే చెప్పాలి, అవునా కాదా, అవునా కాదా. మనసులో ఏముందో అంత తేలిగ్గా తెలిస్తే ఇంకేం. పెళ్ళి వద్దన్నప్పుడు నాన్న ఇలాగే కూర్చోబెట్టి అడిగాడు, ఆ అబ్బాయి నచ్చలేదా, ఉద్యోగం మానాల్సొస్తుందనా, ఇంకెవరైనా ఉన్నారా, అన్నిటికీ కాదు కాదు అని, చివరికి నాన్న "మరైతే కారణం ఏదీ లేదన్నమాట" అని తేల్చాడు. కారణం ఉంది నాన్నా, నువ్వు అడిగినవాటిలో లేదు. అడగనిది ఎలా దొరుకుతుంది? అవును. అవును. ఆగు, ఇది సరిగ్గా చదివావా? చదివింది. రైలు కదిలే రూలు సరే. పెట్టె రూలు సరే, తయారుచేసినవాళ్ళ బొమ్మలో ఎలా ఉంటే అలాగే దింపింది. సిగ్నల్ రూలు సరే. ప్రశ్నలు తగ్గుతున్నాయి, చెట్టు కొమ్మలు ఒక్కొక్కటే నరుక్కుంటూ పోయి మొదలు దగ్గరికొస్తున్నట్టు, ఇదిగో ఇప్పుడు దొరుకుతుంది, ఇదిగో.

మీ సమాధానాల ప్రకారం తప్పు ఏ వాక్యంలోనూ కనపడలేదు, అంది డీబగ్గర్.

ఆమె నవ్వింది. నవ్వో ఏడుపో ఆమెకే తెలీలేదు. తలుపు కిర్రుమంటే ఉలిక్కిపడి చూసింది. పెద్దసారు, ఆమెని పన్నెండేళ్ళ కిందట ఉద్యోగంలోకి తీసుకున్న మనిషి, ఏ మీటింగులోనైనా ఆమె మాట పూర్తయ్యేదాకా ఎవర్నీ నోరెత్తనివ్వని మనిషి. చేతిలో కాగితపు కప్పుతో కాఫీ. అట్టముక్క చూసుకుంటూ బల్ల కదలకుండా జాగ్రత్తగా పెట్టాడు.

"ఏమీ తిన్నట్టు లేవు. మొహం చూస్కో ఎలా ఉందో."

"సార్, ప్రోగ్రాము జవాబులు మింగేస్తోంది. ఎక్కడో తెలీట్లేదు. కానీ మింగేస్తోంది."

ఆమె చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చదివాడు. చాలాసేపు చదివాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, తెర వైపు చూడకుండా అన్నాడు, "తప్పెక్కడుందో తెలిస్తే చెప్పొచ్చమ్మా. తెలీకుండా లేచి ఏమని చెబుతాం? ఏదో తేడాగా ఉందనా? నవ్వుతారు. నువ్వు రిపోర్టు చదివెయ్. వచ్చే వారం తీరిగ్గా కూర్చుని చూద్దాం, నేనూ కూర్చుంటా."

"ఆయన ఇవాళ ఒప్పేసుకుంటాట్ట సార్."

పెద్దసారు కప్పుని ఇంకొంచెం ఆమె వైపు జరిపాడు. "చల్లారిపోతుంది, తాగు," అని వెళ్ళిపోయాడు. అరిచుంటే బాగుండేది. అరిస్తే తనూ అరిచేది. మెత్తగా మాట్లాడే మనిషిని ఏం చెయ్యగలం? ఆయన తప్పుగా అన్నదేమిటి, నిజమే, తప్పు చూపించకుండా తప్పుందంటే వినేదెవరు, ఆమె అయినా వినదు, కొత్త పిల్లలు అలా వస్తే ఆమే తరిమేది, ముందు చూపించు, తర్వాత మాట్లాడు. వచ్చే వారానికి ఆయన్ని పోలీసులకి అప్పగించేస్తారు. ఒప్పుకున్నాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఎవరికి తెలీదు? హాలు గుమ్మం పక్క ఇంకో బెంచీ మీద చనిపోయిన కుర్రాడి భార్య కూర్చుని ఉంది, ఒళ్ళో ఎర్ర సంచీ, దాన్ని ఎందుకో ఒక్క క్షణం కింద పెట్టదు. ఆమె డ్రైవరు వైపు చూడదు. డ్రైవరు ఆమె వైపు తప్ప ఇంకెటూ చూడడు. ఆ రెండు బెంచీల మధ్యనుంచి నడవడం తన వల్ల కాదు, అందుకే కుళాయి దగ్గరికి కూడా ఇవతలి మెట్ల మీంచి చుట్టు తిరిగి వెళ్ళింది. లేవలేను. చదవలేను. చదవననీ అనలేను. కప్పులో కాఫీ మీద మీగడ కట్టింది. కిటికీలోంచి పట్టాలు కనిపిస్తున్నాయి, ఒక రైలు మెల్లగా స్టేషను వదులుతోంది, కిటికీ పక్కన ఎవరో చంటిదాన్ని ఎత్తి పట్టుకుని బయటికి చూపిస్తున్నారు. దాని తర్వాత ఇంకో రైలు. దాని తర్వాత ఇంకోటి. ఎంత నమ్మకంగా వెళుతున్నాయో.

ఫోను బల్ల మీద వణికింది. అక్క. నిమిషాల తేడాతో పెద్దదైన అక్క. కవలలు, ఒకే పోత, ఇప్పటికీ అక్క పనిచేసే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే అక్కడివాళ్ళు ఈమెకే ఫైళ్ళు అందిస్తారు. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది.

"ఏమే, అయిపోయిందా?"

"లేదక్కా."

"గొంతేంటి అలా ఉంది? తిన్నావా?"

"అందరూ అదే అడుగుతారేంటే!"

"సరే తినకు. నీకేంటి, చిన్నప్పుడు నా వంతు కూడా లాగించావుగా, ఆ నిల్వ ఉంటుంది." అక్క నవ్వింది, ఆ హాస్యం ఇంట్లో ముప్ఫై ఏళ్ళ పాతది. నానమ్మకి చూపు ఆనేది కాదు. ఇద్దరికీ ఒకేలాంటి గౌన్లు. సాయంత్రం పాలగ్లాసుతో వచ్చి దొరికినదానికి పట్టేది, పక్కగదిలోకి వెళ్ళి రెండో గ్లాసు తెచ్చేది, ఈలోపు చిన్నది అటు పరిగెత్తి మళ్ళీ ఎదురయ్యేది, నానమ్మ దానికే మళ్ళీ పట్టేది. ఇద్దరూ తాగేశారమ్మాయ్ అని అమ్మకి చెప్పేది, కడుపు నిండా తృప్తిగా. అక్క ఆకలితో ఏడుస్తుంటే, ఇప్పుడే కదే తాగావు, దొంగవేషాలు, అని కసిరేది. "నేను తాగలేదు నానమ్మా అంటే నమ్మేదా ముసలిది?" అంటోంది అక్క ఫోనులో. "దాని లెక్కలో ఇద్దరూ అయిపోయారు. ఇంక నేను ఎక్కడున్నట్టు?"

"అక్కా," అంది ఆమె. "ఉండు. ఉండు, పెట్టేస్తున్నా."

ఇంక నేను ఎక్కడున్నట్టు. ఒకేలాంటి గౌన్లు. డీబగ్గర్ అన్నీ అడిగింది, ఒక్కదాని జోలికి మాత్రం వెళ్ళలేదు, ఎందుకంటే వెళ్ళొద్దని తనే చెప్పింది. మొదట్లోనే, ఆదరాబాదరాగా, ప్రశ్నలు తగ్గుతాయని, పాత భాగాన్ని నమ్మదగినదని గుర్తు పెట్టేసింది. నమ్మినదాని గురించి అది అడగదు. అది పన్నెండేళ్ళ కింద తన చేత్తో రాసింది, నాలుగే వాక్యాలు, ఎన్నో ప్రోగ్రాముల్లో వాడింది, ఇంట్లో గడపలా, ఎవరు చూస్తారు గడపని? గుర్తు తీసేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. అవును, అవును, అవును, వేళ్ళు పరిగెడుతున్నాయి, ఇప్పుడొక కొత్త ప్రశ్న వచ్చింది, ఇంతకు ముందెప్పుడూ రానిది:

"చెవి ఉన్న మనిషి, చెవి ఉన్న మనిషి" సరళం చేస్తే "చెవి ఉన్న మనిషి". సరేనా?

ఒకే రకం వస్తువు రెండుసార్లు కనిపిస్తే ఒకటిగా కలిపెయ్యి. ఆ వాక్యం తను రాసింది సందేశాల కోసం. ఒకే కబురు రెండుసార్లు వచ్చినా కబురు ఒకటే కదా, ఎందుకు బరువు, కలిపెయ్. ఎంత బాగుందో అనుకుంది అప్పుడు. తర్వాత రైళ్ళొచ్చాయి, వాటికి నంబర్లున్నాయి కాబట్టి కలవలేదు. సిగ్నళ్ళొచ్చాయి, వాటికీ నంబర్లున్నాయి. పట్టాల మీద పనిచేసేవాళ్ళకి నంబరెందుకు, పేరెందుకు, ఊరికే మనిషి అని రాసింది. మనిషి పక్కన ఇంకో మనిషి నిలబడగానే మెషీను ఇద్దర్నీ ఒకడిగా కలిపేసింది. ఆ ఒకడు పానా కోసం పైకొచ్చి, చెవి పెట్టెలో పెడితే, పట్టాల మీద ఇంకెవరూ లేరు. ఇంక ఎంత వెతికితే మాత్రం ఏం దొరుకుతుంది? వంపు దగ్గర వంగి బోల్టు బిగిస్తున్న కుర్రాడు, ప్రమాదం జరగడానికి చాలాముందే, ఆమె ప్రోగ్రాములో చనిపోయాడు. చనిపోవడం కూడా కాదు, అసలు దిగనే లేదు. కాదు, అని కొట్టింది. కాదు కాదు కాదు. ఒక్క కాదు చాలు, కానీ వేళ్ళు ఆగలేదు. ఇదే తప్పు వాక్యం, అంది డీబగ్గర్, దానికేం పోయింది, ప్రశాంతంగా.

మనుషులకి నంబర్లిచ్చింది. ఒకటో మనిషి, రెండో మనిషి. ఇంతే మార్పు. చుక్క పెట్టింది. మళ్ళీ అడిగింది, ఈసారి పూర్తి ప్రశ్న, మూడు నెలల కిందటి ప్రశ్న: సిగ్నల్ పచ్చగా ఉండగా పట్టాల మీద మనిషి ఉండగలడా?

ఉన్నాడు. తెర నిండా ఉన్నాడు. దారి పైనుంచి కిందకి తేటగా పరిచి ఉంది: ఇద్దరు దిగారు, రెండు చెవులూ జేబుల్లోకెళ్ళాయి, ఎరుపు పడింది, ఒకడు పైకొచ్చాడు, తన చెవి పెట్టాడు, ఎరుపు తొలగింది. ఒక్కడు చెవి పెడితేనే తొలగింది. ఆమె పెట్టె బొమ్మ తీసి చూసింది, మొదటిసారి చూస్తున్నట్టు. రెండు కన్నాల తీగలూ ఒకే మీటకి కలిపారు, ఏ చెవి తీసినా ఎరుపు పడుతుంది, ఏ ఒక్కటి తిరిగి పెట్టినా పచ్చ వెలుగుతుంది, రెండూ పెడితేనే వెలగాలని ఎవరూ అనుకోనే లేదు. ఇలాంటిది పట్టుకోవడానికే కదా తన ప్రోగ్రాము. ఇందుకే కదా జీతం. డ్రైవరు చూసింది పచ్చే. తెర ఇంకా కదులుతూనే ఉంది, ఇంకో జవాబు, ఇంకోటి, పన్నెండో సెక్షను, సొరంగం సెక్షను, వంతెన మీది సెక్షను, ఆగట్లేదు. అప్పుడు తట్టింది ఆమెకి, నెత్తిన పిడుగు పడ్డట్టు: ఆ పెట్టెలు ఆ ఒక్క వంపు దగ్గరే లేవు. ఊరంతా ఉన్నాయి. వాటన్నిటికీ లేదు అని రాసిచ్చింది తనే. ఇప్పుడు, ఈ క్షణాన, ఎక్కడో ఎవరో పానా మర్చిపోయి పైకొస్తూ ఉండవచ్చు.

ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకునే పరిగెత్తింది. బల్ల ఊగి కాఫీ ఒలికింది. గంట కొడుతున్నారు. హాలు గుమ్మంలో పెద్దసారు, ఎవరితోనో మాట్లాడుతూ. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. పన్నెండేళ్ళలో ఎప్పుడూ ఆయన్ని తాకలేదు.

"దొరికింది. నా తప్పే. ఇద్దర్ని ఒకణ్ణి చేశా. పచ్చే పడింది సార్, ఒక్క చెవికే పచ్చ పడుతుంది. అన్ని సెక్షన్లలోనూ."

ఆయన చదివాడు. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. "ఇది బయటపడితే మన..." అన్నాడు.

"సార్, ఇప్పుడు పట్టాల మీద ఎవరున్నారో మనకి తెలీదు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు, తర్వాత జేబులోంచి ఫోను తీశాడు. కంట్రోల్ రూముకి. "అన్నీ ఆపండి," అన్నాడు. అవతల ఎవరో ఏదో అన్నారు. "అన్నీ అంటే అన్నీనయ్యా. పట్టాల మీదున్న ప్రతి మనిషీ పైకి రావాలి, లెక్కపెట్టి, పేరు పేరునా. నా పూచీ. పేరు రాసుకో నాది." ఆ గొంతు అంత గట్టిగా ఉండగలదని ఆమెకి తెలీదు. ఇంకొక్క మాట అన్నాడు ఫోను పెట్టకముందు, ఆమె వైపు తిరక్కుండా, "కాదు, ఆ రిపోర్టు తప్పు. మేం తప్పు రాశాం." తర్వాత హాల్లోకి, విచారణ అధ్యక్షుడి బల్ల దగ్గరికి నడిచాడు. వెనకే వెళ్ళాలి. వెళుతుంది. ఒక్క నిమిషం.

డ్రైవరు అప్పటికే లేచి నిలబడ్డాడు, చొక్కా సర్దుకుంటూ, పెళ్ళికెళ్ళేవాడిలా గుండీలన్నీ పెట్టుకుని. ఆమె రెండు బెంచీల మధ్యకి వచ్చింది. చనిపోయిన కుర్రాడి భార్య తలెత్తింది. ఇద్దరికీ ఒకేసారి చెప్పాలి, ఒకరికి చెబితే ఇంకొకరికి చెప్పినట్టు కాదు. ఆమె ఇటు ఒకసారి, అటు ఒకసారి తిరిగి చెప్పింది, మాటలు తడబడ్డాయి, పెట్టె అంది, తీగలు అంది, నేను అంది, నేను రాసింది తప్పు, క్షమించమని అడగట్లేదు. "మీరు పచ్చే చూశారండీ," అంది చివరికి. "లోపలికెళ్ళి ఏమీ ఒప్పుకోకండి."

కుర్రాడి భార్య సంచీని దగ్గరికి లాక్కుంది. "మరి మా ఆయన తప్పేమైనా ఉందా?" అంది.

"లేదమ్మా. చెవి జేబులో పెట్టుకునే ఉన్నాడు. అన్నీ సరిగ్గానే చేశాడు."

ఆమె సంచీని కింద పెట్టింది. పెట్టి, మోకాళ్ళ మీద చేతులుంచుకుని, మొదటిసారి ఎదుటి బెంచీ వైపు చూసింది. డ్రైవరు ఆ చూపుని తట్టుకోలేక కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద పట్టాల మీద ఒక రైలు నెమ్మదిస్తోంది. స్టేషనింకా రాలేదు, ఆగవలసిన చోటు కాదు, అయినా ఆగుతోంది. కిటికీల్లోంచి జనం తలలు బయటికొస్తున్నాయి. అవతలి లైనులో ఇంకోటి కూడా ఆగింది. నడవలోకి ఒక్కసారిగా నిశ్శబ్దం వచ్చింది, ఇన్నాళ్ళూ చెవుల్లో ఉండి వినపడని హోరు పోయినట్టు. డ్రైవరు అద్దానికి నుదురు ఆనించి చూశాడు.

"బ్రేకు మెత్తగా వేశాడు," అన్నాడు. "నిలబడ్డవాళ్ళు ఒక్కరు కూడా తూలి ఉండరు. మంచి చెయ్యి."

ఆ తర్వాత రెండు చేతుల్లో మొహం దాచుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. ఎర్ర సంచీ అక్కడే వదిలి, కుర్రాడి భార్య లేచి వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.